ఎక్స్ కిరణ నాళము: దాని పుట్టుపూర్వోత్తరములు

చెట్టునుండి జారిపడియో, బండి బోల్తాపడియో చేయి విరిగినవానిని పట్టణమునకు గొనిపోయినచో వైద్యుడు మొట్టమొదట అడుగునది ఎక్సురే పటము. ఆ పటము ఒక పెద్ద కవరులో ఇల్లు చేరును. ఇంటిల్లిపాదియు దానిని వెలుతురున కెత్తిపట్టి చూతురు. ఇరుగుపొరుగువారు వచ్చి చూతురు. ఎముక బీటవారిన తావును వ్రేలితో చూపి ఒకరికొకరు చెప్పుకొందురు. పటమును చూడనివారు లేరు గాని, దానిని తీసిన సాధనమును చూచినవారు మిక్కిలి అరుదు. బల్లమీద పరుండిన రోగికి పైన నొక లోహపు పెట్టెయు, దానికి తగిలించిన లావుపాటి తీగెలును కనిపించును. ఆ పెట్టెలో చమురును, ఆ చమురులో మునిగియొక గాజుబుడ్డియు నుండును. ఆ గాజుబుడ్డియే ఎక్స్ కిరణ నాళము.

దాని నిర్మాణము చెప్పుటకు రెండు మూడు వాక్యములు చాలును. గాలిని తీసివేసిన బుడ్డిలో ఒక కొసను విద్యుత్తుచే కాలు సన్నని తీగె యుండును. రెండవ కొసను లోహపు బిళ్ళ యుండును. తీగెనుండి వెలువడిన ఎలక్ట్రానులను కణములు మహావేగమున పోయి ఆ బిళ్ళను తాకి ఆగినచోట ఎక్స్ కిరణములు పుట్టును. ఇంత కురుచగా చెప్పదగిన యీ పనిముట్టు ఈ రూపమునకు వచ్చుటకు అరువది యేండ్లకు దగ్గరగా పట్టినది. అందు చివరి పదునెనిమిది యేండ్లలో దానితో పనిచేసినవారు పలువురు తమ చేతులను పోగొట్టుకొనిరి. కొందరు ప్రాణములనే కోల్పోయిరి. కత్తి పెట్టకయే దేహములోనిది చూపిన సాధనము చూపినవాని చేతినే యేల కాల్చెను? ఆ కాల్చుట ఎట్లు అణగెను? ఈ చరిత్రలో తెలిసికొనదగిన ముఖ్యాంశ మిదియే.

కథ పండితునితో గాక పనివానితో మొదలగును. జర్మనీ దేశమున బాన్ పట్టణమందు హైన్‌రిక్ గైస్లర్ అను గాజు పనివాడుండెను. విశ్వవిద్యాలయమువారికి కావలసిన గాజు పరికరములను ఊది యిచ్చుట అతని వృత్తి. 1855లో నతడు పాదరసముతో పనిచేయు నొక పంపును నిర్మించి, అంతకుముందు సాధ్యము కానంతగా గాజు గొట్టములనుండి గాలిని తీయగలిగెను. గొట్టము రెండు కొనలయందు లోహపు ముక్కలను అతికి విద్యుత్తును ప్రసరింపజేసినచో లోపల మిగిలిన కొద్దిపాటి వాయువు రంగురంగుల కాంతులీనెడిది. ఆచార్యుల పేర్లు పుస్తకములకెక్కినంత సులభముగ పనివాండ్ర పేర్లెక్కవు గాని, ఈ గాజుపనివాని పంపు లేనిచో తరువాతి పరిశోధన లేవియు జరుగవు.

అదే విశ్వవిద్యాలయమున నాచార్యుడైన ప్లూకర్ ఆ గొట్టములతో పరిశోధనలు సాగించెను. అతని శిష్యుడు హిట్టార్ఫ్, విద్యుత్తుయొక్క ఋణధ్రువమునుండి ఏదియో తిన్నగా బయలుదేరి, దారిలో అడ్డుపెట్టిన వస్తువు నీడను ఎదుటి గాజుగోడపై పడవేయుచున్నదని 1869లో కనుగొనెను. ఋణధ్రువమునకు కాథోడని పేరు. ధనధ్రువమునకు ఆనోడని పేరు. కనుక 1876లో గోల్డ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు వానికి కాథోడు కిరణములని పేరిడెను. ఇంగ్లండున విలియం క్రూక్స్ ఇంకను ఎక్కువ శూన్యముగల గొట్టములను చేయించి, 1879లో సభాసదులయెదుట లోహపు శిలువయొక్క నీడను గాజుపై చూపి అందరిని ఆశ్చర్యపరచెను. ఆ కిరణములు నిజమునకు ఋణవిద్యుత్తు గల అతిసూక్ష్మ కణముల ప్రవాహమని 1897లో జె. జె. థామ్సన్ నిరూపించెను. ఆ కణములే ఎలక్ట్రానులు.

ఇందొక చిత్రము గలదు. ఈ గొట్టములను నడిపినవారి గదులలో పెక్కింటియందు ఎక్స్ కిరణములు ఎవరికిని తెలియకుండ పుట్టుచునే యుండెను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1890 ఫిబ్రవరి 22వ తేదీన గుడ్‌స్పీడ్ అను ఆచార్యుడును, జెన్నింగ్స్ అను ఛాయాచిత్రకారుడును కలిసి ప్రయోగములు చేసిన పిమ్మట ఛాయాచిత్ర ఫలకములను కడిగి చూడగా నొకదానిపై గుండ్రని నీడలు రెండు కనిపించెను. ఫలకములపై పెట్టిన నాణెముల నీడలవి. ఏల పడెనో తెలియక వారు దానిని ఒక మూల బెట్టిరి. ఆరేండ్ల తరువాత మరల వెదకి తీసి చూచుకొని, తమ చేతికి చిక్కి జారిపోయిన దేమో గ్రహించిరి. అయినను ముందుగా కనుగొన్న ఘనత తమదని వారు వాదులాడలేదు. కన్ను చూచినదానిని మనస్సు పట్టుకొనని పక్షమున చూచియు చూడనట్లే యని వారే అంగీకరించిరనుకొనవచ్చును.

చూచినదానిని పట్టుకొన్నవాడు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. ఆయన 1845 మార్చి 27న జర్మనీలో లెన్నెప్ అను ఊర జన్మించెను. హాలండు దేశమున చదువుకొను కాలమున, తోటి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుని వెక్కిరించుచు బొమ్మ గీసెననియు, గీసినవాని పేరు చెప్పుమనిన రాంట్‌జెన్ చెప్పలేదనియు, అందువలన ఆయననే బడినుండి వెడలగొట్టిరనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. పట్టా లేనివానిని విశ్వవిద్యాలయములు చేర్చుకొనకపోగా, ప్రవేశపరీక్ష నిచ్చి స్విట్జర్లండులోని జూరిక్ విద్యాలయమున చేరి, 1869లో డాక్టరు పట్టము పొందెను. 1888లో వర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

1895 నవంబరు 8వ తేదీ, శుక్రవారము సాయంకాలము. రాంట్‌జెన్ తన పరిశోధనాగారమున ఒంటరిగా నుండి, కాథోడు కిరణములు పుట్టు గొట్టమునకు నల్లని అట్టను నలువైపుల కప్పెను. గది చీకటి చేసి విద్యుత్తును పంపగా గొట్టమునుండి వెలుతురు రవ్వంతయు వెలికి రాలేదు. కాని కొంత దూరమున నున్న యొక తెర మెరయుచుండెను. అది బేరియం ప్లాటినో సయనైడు అను లవణమును పూసిన కాగితపు తెర. విద్యుత్తును ఆపినచో మెరపు ఆగెను. మరల పంపినచో మరల మెరసెను. కాథోడు కిరణములు గాలిలో అంత దూరము పోజాలవు. అట్టను దాటి వచ్చినది మరియొకటి యని ఆయన నిశ్చయించుకొనెను.

తరువాత ఏడు వారములు ఆయన ఎవరికిని చెప్పలేదు. పుస్తకమును అడ్డుపెట్టెను, కొయ్యను అడ్డుపెట్టెను, రకరకముల లోహపు రేకులను అడ్డుపెట్టెను. కొయ్యను సులభముగ దాటినది, సీసమును దాటలేకపోయెను. చేతిని పెట్టగా మాంసము పలుచని నీడగను, ఎముకలు నల్లని నీడలుగను తెరపై కనిపించెను. డిసెంబరు 22న తన భార్య బెర్తా చేతిని ఛాయాచిత్ర ఫలకముపై నుంచి పటము తీసెను. వ్రేలి యుంగరము ఎముకచుట్టు నల్లగా పడెను. డిసెంబరు 28న తన వ్యాసమును వర్జ్‌బర్గ్‌లోని పండితపరిషత్తునకు సమర్పించెను. గణితమున తెలియని రాశికి ఎక్స్ అను అక్షరమును వాడుట వాడుక గనుక, స్వభావము తెలియని యీ కిరణములకు ఆ అక్షరమునే పేరుగా నుంచెను. అది కాంతివంటి తరంగమేయని 1912లో లావే అను శాస్త్రజ్ఞుని స్ఫటిక ప్రయోగములు తేల్చినను పాతపేరే నిలిచిపోయినది.

రాంట్‌జెన్ ఈ కనుగొనుటకు ప్రత్యేక హక్కులేవియు తీసికొనలేదు. 1901లో భౌతికశాస్త్రమున ఇచ్చిన మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే వచ్చెను. ఆ ధనమును తన విశ్వవిద్యాలయమునకే యిచ్చివేసెను. హక్కులు లేనందున గాజుబుడ్డియు, విద్యుత్తును హెచ్చించు చుట్టయు గలవాడెల్ల ఎక్సురే తీయనారంభించెను. 1896 జనవరి తొలివారములో వార్త పత్రికల కెక్కెను. ఆ సంవత్సరము ముగియకముందే యూరపు, అమెరికా దేశములలోని వైద్యులు విరిగిన యెముకలను, దిగిన గుండ్లను, గ్రుచ్చుకొన్న సూదులను దానితో వెదకుచుండిరి. భారతదేశపు వాయవ్యపు సరిహద్దున 1897-98లో తీరా కొండలలో జరిగిన యుద్ధమునకు బీవర్ అను సైనిక వైద్యుడు ఈ పరికరమును కొండదారులవెంట మోయించుకొని పోయి, గాయపడినవారి దేహములలోని గుండ్లను దానితో కనిపెట్టెను.

రాంట్‌జెన్ వాడిన గొట్టములో ఎలక్ట్రానులు ఎదుటి గాజుగోడకే కొట్టుకొనెను. కిరణములు ఆ గోడయందు వెడల్పుగా పుట్టుటచే నీడలు అలుకుకొనినట్లు పడెడివి. చిన్న దీపపు వెలుతురున నీడ అంచు స్పష్టముగ నుండుటయు, పెద్ద మంట వెలుతురున చెదరుటయు అందరెరిగినదే. 1896లో లండను నగరమున కింగ్స్ కాలేజికి చెందిన హెర్బర్ట్ జాక్సన్ ఈ లోపమును సవరించెను. కాథోడును గరిటవలె పుటాకారముగ చేసి ఎలక్ట్రానులన్నియు ఒక్క బిందువున కూడునట్లును, ఆ బిందువున ప్లాటినపు రేకును ఏటవాలుగా నిలిపి కిరణములు ప్రక్కకు వెలువడునట్లును అమర్చెను. గురి చూచి కొట్టు ఆ రేకునకు లక్ష్యమని పేరు. నేటి నాళమునందలి లక్ష్యము కూడ ఏటవాలుగనే యుండును.

అయినను మూలమైన దోషము తొలగలేదు. ఆ గొట్టములలో కాలు తీగె లేదు. ఎలక్ట్రానులెట్లు పుట్టెడివనగా, లోపల మిగిలిన పిసరంత గాలి విద్యుత్తుచే చీలి, ధనవిద్యుత్తు గల ముక్కలు చల్లని కాథోడును మోది దానినుండి ఎలక్ట్రానులను రాల్చెడివి. అనగా పని నడచుటకు కొంత గాలి యుండవలెను, మిక్కుటముగ నుండరాదు. ఆ కొంత గాలి యెంత యనునది ఏ పూట కాపూట మారుచుండెను. వాడినకొలది గాలిని లోహమును, గాజును పీల్చుకొనెడివి. గాలి తగ్గినకొలది నాళము గట్టిపడినదనెడివారు. అపుడు హెచ్చు వోల్టులు లేనిదే విద్యుత్తు ప్రసరింపదు, వెలువడు కిరణములు మాంసమును ఎముకనుగూడ ఒక్కతీరున దూసుకొనిపోయి పటమున రెంటికిని తేడా తెలియకపోవును. గాలి ఎక్కువైనచో నాళము మెత్తబడినదనెడివారు. అపుడు కిరణములు చర్మమునే దాటలేక పటము పడదు. గట్టిపడిన నాళమును మెత్తబరచుటకు ప్రక్కన చిన్న గొట్టము నతికి, అందు అభ్రకమునో, క్షారమునో పెట్టి దీపముతో కాచి, కొంచెము వాయువును లోనికి వదలెడివారు. పాలిచ్చుటయు మానుటయు తన యిష్టమైన గొడ్డువలె నుండెడిది ఆ నాళము. నిపుణులు గోడప్రక్కన అనేక నాళములను నిలువబెట్టుకొని, ఏ నాటికేది పనికి వచ్చునో చూచి ఎన్నుకొనుచుండిరి.

నాళము నేడెట్లున్నది? గట్టిదా, మెత్తనిదా? దీనిని తెలిసికొనుటకు నమ్మకమైన కొలత లేదు. కావున పటము తీయబోవువాడు మొదట నాళమును వెలిగించి, తన చేతినే తెరకును నాళమునకును నడుమ నుంచి, ఎముకల నీడ ఎట్లున్నదో చూచుకొనెడివాడు. నీడ బాగుగ లేనిచో నాళమును సవరించి మరల చేతిని పెట్టెడివాడు. రోగి జన్మలో నొకసారి ఆ కిరణములలో చేయి పెట్టగా, పటము తీయువాడు దినమునకు పలుమార్లు, ఏండ్ల తరబడి పెట్టెను.

కిరణములు తగిలినప్పుడు నొప్పి లేదు, వేడి లేదు. అందుచేతనే మోసము జరిగినది. కొన్ని దినములకో వారములకో చర్మము ఎఱ్ఱబారి, పొక్కి, ఊడెడిది, గోళ్ళు పెళుసుబారెడివి, మానినదనుకొన్న పుండు కొన్నియేండ్లకు రాచపుండుగ మారెడిది. క్షీరసాగరమును మథించిన వేళ హాలాహలము ముందు పుట్టి, అమృతము తరువాత వచ్చినది. ఇచ్చట అమృతమే ముందు కనిపించి, విషము దానియందే దాగియుండెను. తొలుత కొందరు ఈ కాలుట కిరణములవలన కాదని, హెచ్చు విద్యుత్తు వలన నని వాదించిరి. అమెరికాలో ఎలిహూ థామ్సన్ అను ఇంజనీరు 1896లో తన ఎడమచేతి చిటికెన వ్రేలిని అరగంటసేపు నాళమునకు దగ్గరగా నుంచి పరీక్షించుకొనెను. కొన్నాళ్ళకు ఆ వ్రేలు వాచి, పొక్కి, మిక్కిలి బాధించెను. కిరణములే కాల్చునని అతడు ప్రకటించెను గాని వినినవారు కొందరే.

ఎడిసన్ పేరు తెలియనివారుండరు. ఆయన 1896లో కాల్షియం టంగ్‌స్టేటు అను లవణము పూసిన తెరగల చూపుపెట్టెను నిర్మించెను. ఆయన ప్రయోగశాలలో క్లారెన్స్ డాలీ అను గాజుపనివాడు నాళములను చేయుచు, పరీక్షించుచు, చూడవచ్చిన ప్రజలకు తన చేతియెముకలను చూపుచు నుండెను. ఒక చేయి పుండు కాగా రెండవ చేతిని పెట్టనారంభించెను. చర్మము అతికిరి, మానలేదు. వ్రేళ్ళు తీసివేసిరి, తరువాత చేతులే తీసివేసిరి. 1904లో ముప్పది తొమ్మిది యేండ్ల వయస్సున డాలీ మరణించెను. ఎడిసన్ ఎక్స్ కిరణముల పనిని విడిచిపెట్టెను. రాంట్‌జెన్‌కు మాత్రము చేతులు కాలలేదు. తన ఫలకములు చెడకుండుటకై ఆయన జింకు రేకుతో గదివంటి పెద్ద పెట్టెను కట్టించుకొని అందులోనుండి పరిశోధించుచుండెను. ఫలకములను కాపాడుటకు కట్టినది మనిషిని కాపాడినది.

డాలీవంటివారు ప్రతి దేశమునను గలరు. 1936 ఏప్రిల్ 4వ తేదీన జర్మనీలోని హాంబర్గు నగరమున సెయింట్ జార్జి ఆసుపత్రి తోటలో, ఈ కిరణములచే మరణించినవారి పేర్లు చెక్కిన స్మారకశిల నొకదానిని నెలకొల్పిరి. ఆనాడు దానిపై పదునైదు దేశములకు చెందిన 169 పేర్లుండెను. వైద్యులును, గాజుపనివారును, దాదులును అందున్నారు. తరువాతి యేండ్లలో ఆ సంఖ్య 350 దాటినది.

చేతిని పెట్టవలసిన యవసరమునే తొలగించినవాడు విలియం డేవిడ్ కూలిడ్జ్. ఆయన 1873లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి హడ్సన్ అను ఊర జన్మించెను. తండ్రి చెప్పుల కర్మాగారమున పనిచేయుచు చిన్న కమతమును సాగుచేసికొనెడివాడు. కూలిడ్జ్ జర్మనీలోని లైప్జిగ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1905లో స్కెనెక్టడీ నగరమందున్న జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనాలయమున చేరెను. అచ్చట ఆయనకు అప్పగించిన పని ఎక్స్ కిరణములది కాదు, విద్యుద్దీపములది. దీపములోని తీగెకు టంగ్‌స్టనును మించిన లోహము లేదు. ఏలనన అది 3422 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని కరగదు. కాని ఆ లోహము పెళుసు, వంచినచో విరుగును. కూలిడ్జ్ దానిని కాచి సమ్మెటలతో సాగగొట్టి, క్రమక్రమముగ సన్నగిల్లజేసి, కంసాలి కమ్మచ్చులో బంగారు తీగెను తీసినట్లు వజ్రపు రంధ్రములగుండ తీసి, తలవెంట్రుకకంటె సన్నని తీగెలను సాధించెను. 1910 నాటికి ఈ పని ముగిసెను. నేటివరకును తీగెదీపములలో వెలిగిన తీగె అదియే.

కరగని లోహము చేతికి రాగానే దానిని ఎక్స్ కిరణ నాళమున లక్ష్యముగ ఉపయోగింపవచ్చునని ఆయనకు తోచెను. ప్లాటినము 1768 డిగ్రీలకే కరగును. ఎలక్ట్రానుల దెబ్బకు ఆ రేకులు బొట్లుబొట్లుగ కారిపోవుచుండెను. అంతలో అదే పరిశోధనాలయమున ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అను శాస్త్రజ్ఞుడు ముఖ్యమైన విషయము నొకటి తేల్చెను. కాలిన తీగెనుండి ఎలక్ట్రానులు వెలువడునని అంతకుముందే తెలియును గాని, అది బుడ్డిలో మిగిలిన వాయువు చేయు పనియేమోయని పలువురు సందేహించుచుండిరి. వాయువు ఏ మాత్రము లేకున్నను కాలిన టంగ్‌స్టను ఎలక్ట్రానులను విడుచుచునే యుండునని లాంగ్‌మ్యూర్ చూపెను. ఇంక గాలితో పనియేమి? కూలిడ్జ్ గాలిని సాధ్యమైనంతవరకు సమూలముగ తీసివేసి, చల్లని కాథోడునకు బదులు కాలు టంగ్‌స్టను తీగెను, ప్లాటినపు రేకునకు బదులు టంగ్‌స్టను లక్ష్యమును పెట్టి నూతన నాళమును నిర్మించి, 1913 డిసెంబరులో ఆ విషయమును ప్రకటించెను. న్యూయార్కులోని లూయిస్ గ్రెగరీ కోల్ అను వైద్యుడు దానిని మొదట ఉపయోగించిన వారిలో నొకడు.

ఈ మార్పునందలి గొప్పతనము చెఱువు క్రింద వ్యవసాయము చేయువారికి తేలికగ బోధపడును. తూము తలుపును ఎత్తినకొలది పారు నీరు హెచ్చును; నీరు పడు ఎత్తు హెచ్చినకొలది ఆ నీటి పోటు హెచ్చును. రెండును వేరువేరు. కూలిడ్జ్ నాళమున తీగెను కాల్చు విద్యుత్తు తూమువంటిది. తీగె మరింత కాలినచో మరిన్ని ఎలక్ట్రానులు వెలువడి మరిన్ని కిరణములు పుట్టును. కాథోడునకును ఆనోడునకును నడుమ నుంచిన వోల్టులు ఎత్తువంటివి. అవి హెచ్చినచో కిరణముల చొచ్చుకొనిపోవు బలము హెచ్చును. పాత నాళమున ఒకదానిని మార్చినచో రెండవది తనంత తాను మారెడిది. క్రొత్త నాళమున దేనికది. చేతికి ఇంత, ఛాతీకి ఇంత, తుంటికి ఇంత యని కాగితముమీద వ్రాసికొని, గుండ్రని కొలతపలకలపై ముల్లులను ఆ యంకెలకు త్రిప్పినచో, నిన్న వచ్చిన పటమే నేడును వచ్చును. చేయి చెప్పవలసిన సమాధానమును ముల్లు చెప్పసాగెను.

మార్పు ఒక్కనాట జరుగలేదు. పాత నాళములు చవుక; అలవాటు పడినవారు వానిని విడువలేదు. అయినను 1914లో మొదలైన ప్రపంచయుద్ధమున గాయపడినవారు లక్షలకొలదిగ రాగా, చెప్పినట్లు వినని నాళమును బుజ్జగించుచు కూర్చుండుటకు వ్యవధి లేకపోయెను. అమెరికా సైన్యమునకై కూలిడ్జ్ యుద్ధభూమికి మోసికొనిపోదగిన చిన్న పరికరమును నిర్మించెను. ఫ్రాన్సులో మేరీ క్యూరీ కూతురు ఐరీనును వెంటబెట్టుకొని ఎక్సురే బండ్లను నడిపించినది అప్పుడే. యుద్ధానంతరము, కిరణములనుండి పనివారిని కాపాడు నియమములను ఏర్పరచుటకు 1921లో ఇంగ్లండునందును, 1928లో స్టాక్‌హోము నగరమున అంతర్జాతీయముగను సంఘములు వెలసెను. సీసపు తొడుగు, సీసపు గోడ, సీసము కలిపిన గాజు అప్పటినుండి నియమబద్ధమయ్యెను.

ఇంక మిగిలిన చిక్కు వేడి. ఇందలి జమాఖర్చు చూచినచో ఎవరికైనను నవ్వు రావలసినదే. నూరు రూపాయల శక్తిని నాళములోనికి పంపినచో సుమారు తొంబదితొమ్మిది రూపాయలు వేడిపద్దున ఖర్చు వ్రాయవలెను. ఒక్క రూపాయి మాత్రమే కిరణముల పద్దున జమ. లక్ష వోల్టులచే తరుమబడిన ఎలక్ట్రాను వెలుతురు వేగములో సగమునకు మించిన వేగముతో వచ్చి లక్ష్యముయొక్క అణువులలో దూరి ఆగిపోవును. వాని శక్తిలో ఆ స్వల్పభాగమే కిరణమగును. తక్కినదంతయు అవగింజంత తావున వేడియై నిలుచును. ఆ తావును పెంచినచో లోహము చల్లగ నుండును గాని నీడ చెదరును. తగ్గించినచో నీడ స్పష్టమగును గాని లోహము కరగును.

ఈ పీటముడిని విప్పుటకు రెండుపాయములు దొరికెను. మొదటిది జర్మనీకి చెందిన గోట్జె 1918లో చెప్పినది. ఎలక్ట్రానులను బిందువుగ గాక సన్నని పొడుగాటి గీతగ లక్ష్యముపై పడనిచ్చి, లక్ష్యపు ముఖమును మిక్కిలి వాలుగా నుంచినచో, రోగివైపునుండి ఆ గీత చిన్న చుక్కవలె కనిపించును. అరచేతిని చూపునకు వాలుగా త్రిప్పినచో పొడవైన చేయి కురుచగ కనిపించునట్లే ఇదియును. వేడి గీతయంతటను పరచుకొనును. నీడకు మాత్రము చుక్కయే మూలము. రెండవ యుపాయము ఇంకను రమ్యమైనది. హాలండులోని ఫిలిప్స్ కంపెనీలో బౌవర్స్ అను శాస్త్రజ్ఞుడు 1929లో లక్ష్యమును కదలని బిళ్ళగ గాక తిరుగు చక్రముగ చేసెను. సానరాతిపై కత్తిని ఒకేచోట ఆనించినను రాయి తిరుగుచుండుటచే రాపిడి చక్రమంతటను పడునట్లు, ఎలక్ట్రానులు ఒకేచోట పడుచున్నను ప్రతిక్షణము క్రొత్త లోహము వాని యెదుటికి వచ్చును. నిమిషమునకు సుమారు మూడు వేలు మొదలు పదివేల చుట్లవరకు తిరుగునట్టి చక్రములు గలవు. శూన్యమున నున్నదానిని వెలుపలినుండి త్రిప్పుట ఎట్లు? గాజునకు రంధ్రము చేసినచో గాలి చొరబడును. అందువలన గాజు వెలుపల తీగెచుట్టలు నమర్చి, వాని అయస్కాంతబలమును గాజుగుండ పంపి, లోపలి రాగి గొట్టమును మోటారువలె త్రిప్పుదురు. శూన్యమున నూనె పనికిరాదు. ఇరుసు గుండ్లకు వెండి పొడి పూయుదురు.

ఇప్పటి నాళమును విప్పి చూచినచో ఈ చరిత్రయంతయు పొరలుపొరలుగ కనిపించును. కాథోడున కూలిడ్జ్ తీగె, దానిచుట్టు ఎలక్ట్రానులు చెదరకుండ కూడదీయు లోహపు దొన్నె. ఎదుట బౌవర్స్ చక్రము, దాని అంచున గోట్జె చెప్పిన వాలు. చక్రము మాలిబ్డినము, దానిపై పొర టంగ్‌స్టను, పగుళ్ళు వారకుండ అందు కొంచెము రీనియము. గాజుబుడ్డిచుట్టు చమురు, అది వేడిని పీల్చును, విద్యుత్తును వెలికి దూకనీయదు. చమురుపెట్టెకు లోపలివైపు సీసపు రేకు; కిరణములు పోవుటకు ఒక్క కిటికీ మాత్రము. కిటికీకి అడ్డముగ అల్యూమినియపు రేకు నుంచుదురు. పటమునకు పనికిరాక చర్మమునందే ఆగిపోవు మెత్తని కిరణములను అది జల్లెడవలె ఆపును.

తెలుగుదేశమున ఈ నాళము మిక్కిలి సేవచేసినది క్షయరోగ విషయమున. మదనపల్లి సమీపమున ఆరోగ్యవరమందలి చికిత్సాలయము గత శతాబ్దపు రెండవ దశకమున వెలసినది. 1955-58 సంవత్సరముల నడుమ దేశమంతట క్షయ యెంత వ్యాపించినదో తెలిసికొనుటకు సర్వే జరిపినపుడు హైదరాబాదు, మదనపల్లి ప్రాంతములును అందు చేరెను. ఎక్సురే యంత్రము నెక్కించిన బండ్లు పల్లెలకు వచ్చి ఛాతీపటములు తీసెను. 1971 అక్టోబరు 1న లండనులో తొలిసారిగ రోగి తలను ముక్కలు ముక్కలుగ చూపిన సి.టి. యంత్రమునందును కిరణములను పుట్టించినది ఈ నాళమే. అందు నాళము రోగిచుట్టు తాను తిరుగును.

రాంట్‌జెన్ 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్ నగరమున కీర్తిశేషుడయ్యెను. కూలిడ్జ్ ఏండ్లతరబడి ఎక్స్ కిరణములతోడనే పనిచేసి, నూరేండ్లు దాటి బ్రదికి, 1975 ఫిబ్రవరి 3న నూటయొకటవ యేట మరణించెను.

నేడు ఆసుపత్రిలో పటము తీయువాడు రోగిని సరిగ పరుండబెట్టి, పెట్టెను గురికి తెచ్చి, తాను సీసపు అడ్డుగోడ వెనుకకు పోవును. అతని చొక్కాకు చిన్న బిళ్ళ యొకటి తగిలించియుండును. అతనికి సోకిన కిరణముల లెక్కను అది కట్టుచుండును. ఊపిరి బిగబట్టుమని కేకవేసి బొత్తామును సగము నొక్కును. పైనున్న పెట్టెలో గుయ్యిమని సవ్వడి పుట్టును. అది తీగె కాగుచు, చక్రము వేగమందుకొనుచున్న సమయము. బొత్తామును పూర్తిగ నొక్కిన క్షణములో అత్యల్పభాగమున కిరణములు పుట్టి, దేహమును దాటి, ఆగిపోవును. ఊపిరి విడువుమని అతడు గోడవెనుకనుండి చెప్పును.